మామగారి నాలుక

మా మామగారి నాలుకకు రుచి తెలుసా, తెలియదా?

ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. వయసు మీద పడింది. చదివిన పుస్తకాలు అలమరా నిండి మంచం కిందికి చేరాయి. వాటిలో ఎక్కడా సమాధానం దొరకలేదు. దొరకనందుకు నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఒక మనిషితో అంతకాలం ఒకే ఇంట్లో ఉండి, రోజూ ఎదురుగా కూర్చుని భోంచేసి, ఆయన నోట్లో ఉన్న నాలుక పనిచేస్తోందో లేదో తేల్చుకోలేకపోవడం ఏం న్యాయం?

విషయం ఏమిటంటే, కోళ్ళకు పెట్టే ప్రతి దాణానూ మా మామగారు ముందు తాను తిని చూసేవారు. చిటికెడు కాదు, చెంచాడు. అందుకోసం ఆయన చొక్కా జేబులో ఒక స్టీలు చెంచా ఉండేది. పెద్దమనుషులు కలం పెట్టుకునే చోట ఆయన చెంచా పెట్టుకునేవారు.

ఆయనది ఆకుపొడి పని. మాంసం కోసం పెంచే బ్రాయిలర్ కోళ్ళ దాణాలో కలిపే పొడి అది. వెల్లుల్లి, పసుపు, దాల్చినచెక్క, మునగాకు, వీటితోపాటు బహుకొద్దిగా నేలవేము. అన్నీ ఎండబెట్టి, దంచి, జల్లించి, ఇంటి వెనక రేకుల గదిలో కలిపేవారు. ఊరి బయట రోడ్డు పొడుగునా ఉన్న పద్నాలుగు కోళ్ళ షెడ్లకు ఆ పొడే వెళ్ళేది. వాటి దాణాకు మొక్కజొన్న కొనిపెట్టేదీ ఆయనే. జబ్బు లేని కోడికి మందులు మింగించడం కంటే ఆకులతో అరుగుదల పెంచడం మేలని ఆయన అభిప్రాయం. అభిప్రాయం అన్నాను గానీ, అది కోపం. ఆ సంగతి ఆయన ఏనాడూ మామూలు గొంతుతో మాట్లాడలేదు.

నేను ఆ ఇంటికి చేరింది పెళ్ళయిన మూడో ఏట. నేను ప్రూఫులు దిద్దే ప్రెస్సు మూతపడింది. మరో పని దొరికేదాకా మా ఆవిడా నేనూ అక్కడే ఉన్నాం. ఉద్యోగం లేని అల్లుడు అత్తారింట్లో మకాం వేస్తే గోడ మీది బల్లి కూడా అదోలా చూస్తుంది. మామగారు మాత్రం ఒక్కనాడూ అదోలా చూడలేదు. ఆయన లోకంలో అందరినీ ఒకేలా, కోపంగా చూసేవారు.

మొదటి రోజు పొద్దున్నే వరండాలో నా ఎదుట నిలబడ్డారు.

"అల్లుడుగారూ, నాలుక చాపండి."

ఏదో మర్యాద కాబోలనుకుని చాపాను. చెంచాడు గోధుమరంగు పిండి దాని మీద పడింది.

"ఎలా ఉంది?"

"బావుందండీ."

"బావుందా!" ఆయన ఇంట్లోకి తిరిగి కేక వేశారు. "విన్నావా? బావుందట! సోయా తక్కువై చప్పగా చచ్చిన దాణా బావుందట! చదువుకున్న మనిషే ఇంత ధైర్యంగా అబద్ధమాడితే ఇక లోకం ఎలా బాగుపడుతుంది?"

"అబ్బాయి ఇంకా మొహం కూడా కడుక్కోలేదండీ," అంది లోపలినుంచి అత్తగారు. "కాస్త కాఫీ తాగనివ్వండి."

"కోళ్ళు కాఫీ తాగి తింటున్నాయా?"

ఆ రోజు నుంచీ నాకు రోజూ ఇదే వరస. "అల్లుడుగారూ" అనడంలో ఎంత గౌరవమో, "నాలుక చాపండి" అనడంలో అంత దౌర్జన్యం. బావుందంటే అబద్ధం, బాగాలేదంటే అజ్ఞానం, తెలియదంటే బద్ధకం. నాలుగో మాట నాకు ఇప్పటికీ తోచలేదు.

ఇంట్లోవాళ్ళతోనే ఇలా ఉంటే బయటివాళ్ళ గతి చెప్పక్కర్లేదు. మొక్కజొన్న వర్తకుడు సంచులు దించగానే ఈయన మోచేతిదాకా చెయ్యి దూర్చి, సంచి అడుగునుంచి గింజలు తీసి, పటపట నమిలేవారు.

"బూజు!"

"బూజెక్కడుందండీ? కడిగిన ముత్యాల్లా ఉంటేనూ!"

"గింజల్లో లేకపోతే మీ మనసులో ఉంది. నమిలేటప్పుడు మీ మొహం చూశాను. ఎందుకలా బెదిరారు?"

"మీరు కోడి దాణా నముల్తుంటే ఎవరు బెదరరండీ!"

కంపెనీ ఏజెంటు కథ ఇంకా ఘనం. ఎండాకాలంలోనూ టై విప్పని మనిషి గనక రోడ్డు మీద అందరూ అతన్ని 'టై' అనేవారు. కోళ్ళు ముప్పై రోజుల్లో ముప్పై అయిదు రోజుల బరువు తూగే మందుపొడి అమ్ముతూ ఒకరోజు మా ఇంటికీ వచ్చాడు. మెరిసే పొట్లం బల్ల మీద పెట్టి, గుక్క తిప్పుకోకుండా పావుగంట మాట్లాడాడు. మామగారు అంతా విని, జేబులోంచి చెంచా తీసి, తుడిచి, అతని చేతికిచ్చారు.

"ముందు మీరు తినండి."

టై నవ్వాడు. "ఇది కోళ్ళకండీ."

"కోడిని తినేదెవరు?"

"మనుషులేననుకోండి..."

"మీరు మనుషులేనా?"

"అదేం ప్రశ్నండీ!"

"అయితే దారిలో కోడి ఎందుకు మధ్యవర్తి? నేరుగా తినండి."

టై చెంచాను చూశాడు, పొట్లాన్ని చూశాడు. మామగారు ఆ పొట్లం వెనక చీమల్లాంటి అక్షరాలు నా చేత పైకి చదివించారు. మనుషులకు అందకుండా ఉంచవలెనని ఉంది. "అందకుండా ఉంచాలట! కోడికి తినిపించి, ఆ కోడిని రేపు పుట్టబోయే నా మనవరాలికి తినిపించవచ్చుగానీ, పొట్లం మాత్రం అందకూడదట! ఇది రాసినవాడెవడు? వాణ్ణి పిలవండి!" టై ఆ రోజు మందు సంచీ మరిచిపోయి వెళ్ళాడు. తర్వాత దానికోసం మనిషిని పంపాడుగానీ తాను రాలేదు.

కోళ్ళ డాక్టరమ్మ ఒక్కతే ఆయనకు జంకేది కాదు. చదువుకున్న మనిషి, నవ్వుతూ మాట్లాడే మనిషి. ఒకసారి ఊరికే ఉండక, "పెద్దాయనా, మీ నాలుకతో కోడికి రుచి చూడటమేమిటండీ? మనిషి నాలుక వేరు, కోడి నాలుక వేరు. కోడికి కారమే తెలియదు," అంది.

"తెలియదని మీకెవరు చెప్పారు? కోడా?"

"పరీక్షలు చేసి చెప్పారండీ."

"మన పరీక్ష మనం చేద్దాం."

ఎండుమిరప కారం తెప్పించారు. దాణాలో కలిపి ఒక పుంజు ముందు పెట్టారు. అది ఆనందంగా తిని, ముక్కు నేలకు రాసి, ఇంకా ఉందా అన్నట్లు చూసింది. డాక్టరమ్మ నవ్వింది. మామగారికి డాక్టరమ్మ మీద రాలేదు కోపం, పుంజు మీద వచ్చింది. "సిగ్గుందా నీకు? ఇంత కారం పెడితే ఒక్క కన్నీటిచుక్కయినా రాల్చవా? నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తావా?" అని దాన్ని కడిగేసి, పట్టుదలకొద్దీ ఆ కారం దాణానే తాను రెండు చెంచాలు తిన్నారు. ఆయన కంట్లోనూ చుక్క నీరు రాలేదు.

"చూశారా, నాకూ కోడికీ ఒకటే నాలుక!" అన్నారు.

ఆ రోజే నేను ఆలోచించవలసింది. ఆలోచించలేదు. చేతిలో పుస్తకం మంచి పట్టులో ఉంది.

ఇంట్లో భోజనం దగ్గర కూడా ఒక వింత. మా అత్తగారు చెయ్యి తిరిగిన వంటమనిషేమీ కాదు. ఒకరోజు కూరలో ఉప్పు సముద్రం, మరోరోజు ఎడారి. మేం నీళ్ళగ్లాసులు ఖాళీ చేస్తూ ఉంటే, పద్నాలుగు షెడ్లను గడగడలాడించే మనిషి తలవంచుకుని పళ్ళెం తుడిచి లేచేవారు.

"ముప్పై రెండేళ్ళయింది," అనేది అత్తగారు నాతో మురిపెంగా. "ఒక్కనాడు నా వంటకు వంక పెట్టలేదు. కోడి దాణాకయితే నలభై వంకలు."

ఇక ఆరో షెడ్డమ్మాయి సంగతి.

రోడ్డు మీద ఆరో షెడ్డు అద్దెకు తీసుకుంది గనక ఆ పేరు. పదేళ్ళు బట్టలు కుట్టి, ఆ పని మానేసి, కూడబెట్టినదంతా కోళ్ళ మీద పెట్టింది. మొదటి బ్యాచి ఎండదెబ్బకు సగం పోయింది. రెండో బ్యాచి రెండు వేల కోడిపిల్లలు షెడ్డులో దించిన రోజున షెడ్డు యజమాని వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇదీ పోతే ఖాళీ చేసెయ్యమ్మా. మా బావమరిది అడుగుతున్నాడు," అని చెప్పి వెళ్ళాడు. ఆ అమ్మాయి మా మామగారి దగ్గరకు వచ్చింది.

"ఈ బ్యాచి నిలబడితేనే నేను నిలబడతాను బాబాయ్‌గారూ. మళ్ళీ మిషను ముందు కూర్చోలేను. నడుం పోయింది."

"ఏడవకు. కోళ్ళు చూస్తే అవీ నేర్చుకుంటాయి," అన్నారాయన కోపంగా. "నీ పొడి విడిగా కలిపి పంపిస్తాను."

కలిపింది ఆయన కాదు. నేను.

పిల్లలు కాస్త పెరిగి పొడి మొదలుపెట్టవలసిన రోజున ఆయన మొక్కజొన్న వర్తకుడితో దెబ్బలాటకు వెళుతూ కొలతలు చెప్పారు. మునగాకు మూడు మానికలు, నేలవేము పావు మానిక. రెండూ ఆకుపచ్చని పొడులే. రెండూ ఒకేలాంటి పాత బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి. పేర్లు రాసిన కాగితాలు మూతల మీద అంటించి ఉండేవి. నేను డబ్బాలు రెండూ తెరిచి, ఒక మూత గోడకు చేరవేసి దానికి పుస్తకం ఆనించాను. రెండో మూత మీద కాఫీ గ్లాసు పెట్టుకున్నాను. అధ్యాయం పూర్తయ్యాక మూతలు పెట్టేశాను. ఏ మూత ఏ డబ్బాకు పెట్టానో నన్ను అడగవద్దు. తర్వాత మూతలు చూసి, కొలిచి, కలిపి, సంచి కట్టి పంపాను. అక్షరం తేడా వస్తే రెండు పేజీల అవతలినుంచి పసిగట్టేవాణ్ణని ప్రెస్సులో నాకు పేరుండేది.

నేలవేము చేదు సంగతి తెలియనివారు అదృష్టవంతులు. పావు మానిక పడవలసిన చోట మూడు మానికలు పడింది.

పిల్లలు దించిన పంతొమ్మిదో రోజున ఆ అమ్మాయి నుంచి కబురు. కోళ్ళు దాణా దగ్గరకు వస్తున్నాయి, ఒక్కసారి పొడుస్తున్నాయి, తల విదిలించి వెళ్ళిపోతున్నాయి. మామగారు నన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరారు. చంకలో నా పుస్తకం, జేబులో ఆయన చెంచా. మేం వెళ్ళేసరికే డాక్టరమ్మ ఉంది, షెడ్డు యజమాని ఉన్నాడు. ఎవరు చెప్పారోగాని, టై కూడా ఉన్నాడు.

రెండు వేల కోళ్ళు షెడ్డంతా నిశ్శబ్దంగా కూర్చుని ఉన్నాయి. కోళ్ళ షెడ్డులో నిశ్శబ్దం ఎంత భయంకరమో అందులో నిలబడినవాళ్ళకే తెలుస్తుంది. ఆ అమ్మాయి ఒక కోడిని ఒళ్ళో పెట్టుకుని దాని ముక్కు దగ్గర గింజలు పట్టుకుని ఉంది. అది మొహం తిప్పుకుంటోంది.

"జబ్బేమీ లేదు," అంది డాక్టరమ్మ. "దాణా నచ్చడం లేదు, అంతే. కానీ ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే ఈ బ్యాచి బరువు అందుకోదు."

"నేను ముందే చెప్పాను," అన్నాడు టై, టై సర్దుకుంటూ. "ఆకులూ అలములూ పెడితే ఇంతే. అమ్మా, మా పొడి ఒక్క వారం వాడి చూడండి..."

"ఆగండి!" అన్నారు మామగారు. ఆ కేకకు కోళ్ళు కూడా లేచి నిలబడ్డాయి. "నా పొడినా? నా పొడిని అంటారా? ముప్పై ఏళ్ళుగా నేను తినకుండా ఒక్క గింజ ఈ రోడ్డు మీద కోడి తినలేదు!"

పొడి సంచి మూతి విప్పారు. చెంచా కూడా తియ్యలేదు. గుప్పెడు తీసి నోట్లో వేసుకున్నారు. అందరం చూస్తున్నాం. తీరిగ్గా నమిలారు. మింగారు. పెదవులు తుడుచుకున్నారు.

"దివ్యంగా ఉంది!"

ఆకుపచ్చని పొడి. తల విదిలించే కోళ్ళు. బిస్కెట్ డబ్బాలు. ఎవరూ చూడకుండా చిటికెడు తీసి నాలుక కొసకు తగిలించాను. చేదు నాలుక మీదనుంచి చెవుల్లోకి, చెవుల్లోంచి అరికాళ్ళలోకి పాకింది. నా మొహం నాకు కనపడలేదుగాని, పిండిన గుడ్డలా ముడుచుకుపోయి ఉంటుంది. తలెత్తేసరికి మామగారు నన్నే చూస్తున్నారు. ఒక వాక్యం చదవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు చూశారు.

"తప్పు నాదే!" అని అరిచారు.

తప్పు ఒప్పుకునే మనిషి అంత పౌరుషంగా ఒప్పుకోవడం నేనెక్కడా చూడలేదు. "నేలవేము ఎక్కువ పడింది. కలిపింది నేనే! ఇదిగో, ఈ చెయ్యే! ఎవరికైనా సందేహముందా?"

"ఇప్పుడే దివ్యంగా ఉందన్నారు కదండీ?" అంది డాక్టరమ్మ.

"అన్నాను! నాలుక చెడింది! అరవై ఏళ్ళు వాడితే ఏ వస్తువైనా చెడదా?"

"మామయ్యగారూ," అన్నాను నేను. "అసలు ఆ సంచి కలిపింది..."

"అల్లుడుగారూ! మీరు పుస్తకం చదువుకోండి!"

టై పకపకా నవ్వాడు. "మమ్మల్ని తినమని వెంటపడిన నాలుక ఇదేనా పెద్దాయనా?"

మామగారు జేబులోంచి చెంచా తీసి, ఒకసారి చూసి, ప్యాంటు జేబులోకి మార్చుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక టై మీద మండాను. నా తప్పుకు మరొకడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

ఆ సాయంత్రమే షెడ్డులో గిన్నెలన్నీ ఖాళీ చేయించి, కడిగించి, కొత్త పొడి కలిపిన దాణా పోయించారు. మర్నాడు పొద్దున నేను రేకుల గదికి వెళ్ళేసరికి డబ్బాల మూతల మీద ఒక్క కాగితం లేదు. డబ్బాల ఒంటి మీదే, జానెడు అక్షరాలతో, ఎర్రరంగుతో పేర్లు రాసి ఉన్నాయి. నా కుర్చీ డబ్బాలకు ఆమడ దూరంలో కిటికీ పక్కకు చేరింది. దాని మీద కొత్త దిండు, పక్కన గ్లాసు పెట్టుకోవడానికి చిన్న బల్ల. పైన గోడకు ఒక అట్ట. 'ఇక్కడ హాయిగా చదువుకోవచ్చును. లేచి కలపరాదు.'

"పొద్దున్నే రంగు డబ్బా తీశారు," అంది అత్తగారు. "ఎవరికండీ ఇదంతా అంటే, కోళ్ళకు వెలుతురు కావాలన్నారు. రేకుల గదిలో కోళ్ళెక్కడున్నాయి నాయనా?"

మా ఆవిడ దగ్గర తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ పెదవి విరిచింది.

"తెలుసు. నేలవేము డబ్బా మీద మునగాకు మూత ఉందట. దాని మీద కాఫీ గ్లాసు గుండ్రం ఉందట. ఈ ఇంట్లో కాఫీ గ్లాసుకు మూత మీద చోటిచ్చే మహానుభావులు ఎంతమంది ఉన్నారు?"

"మీ నాన్నగారు ఏమన్నారు?"

"మీతో ఏమీ అనొద్దన్నారు. అంటే నన్ను తంతానన్నారు."

తర్వాత ఆ బ్యాచి అయ్యేదాకా రోడ్డంతా ఆయన మీద నవ్వింది. మూడో షెడ్డువాడు, "పెద్దాయనా, ఇవాళ నాలుకకు సెలవా?" అనేవాడు. వేరే రోజుల్లో అయితే అతని షెడ్డు పైకప్పు లేచిపోయేది. ఈయన విననట్లు బండి పోనిచ్చేవారు. ఆ మౌనం నాకు నేలవేము కంటే చేదుగా ఉండేది. ఒక్క మొక్కజొన్న వర్తకుడు మాత్రం నవ్వలేదు. ఒకరోజు సంచులు దించుతూ నాతో చెప్పాడు.

"ఆయన నాలుక బాగుందో లేదో నాకెందుకండీ? పెద్దమనిషి నోట్లో పెట్టుకునేది కదా అని ఆయన సంచులు రెండుసార్లు జల్లించి, విడిగా ఆరబెట్టి తెస్తాను. ముప్పై ఏళ్ళుగా అంతే. వేరేవాళ్ళకు ఇంత చాకిరీ చెయ్యను. ఆయనకు చెప్పకండి, మళ్ళీ తిడతారు."

ఆ మాట విన్న రోజు నేను పుస్తకంలో పేజీ తిప్పలేదు.

ఆ అమ్మాయి షెడ్డుకు మాత్రం మామగారు రోజూ రెండు పూటలా వెళ్ళేవారు. బోర్లించిన ట్రే మీద కూర్చుని, దాణా అరచేతిలో పోసుకుని, కోళ్ళను తిట్టేవారు.

"రా. తిను. ఏం, అలిగావా? అలగడానికి నువ్వేమైనా అల్లుడివా? నేను తినలేదూ? గుప్పెడు తిన్నాను, చచ్చానా? నీకంటే ముందు పుట్టినవాణ్ణి, నా మాట వినవా?"

ఒకటి వచ్చి పొడిచింది. తల విదిలించలేదు. మళ్ళీ పొడిచింది. దాని వెనక నాలుగు, వాటి వెనక నలభై. సాయంత్రానికి షెడ్డులో పెళ్ళిపందిరి గోల. ఆ అమ్మాయి నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఏడవొద్దన్నానా!" అని ఆయన అరిచారు.

నలభై రెండో రోజున అమ్మకానికి ఎత్తవలసిన కోళ్ళను నలభై అయిదో రోజున ఎత్తారు. మళ్ళీ బండి వెనక నన్ను ఎక్కించుకుని వెళ్ళారు. కాటా వేసేవాళ్ళు ట్రేల్లో పదేసి కోళ్ళను పెట్టి తూస్తున్నారు. ఆ అమ్మాయి కొంగు నోట్లో కుక్కుకుని ముల్లు వైపే చూస్తోంది. మొదటి ట్రేకి ముల్లు ఇరవై కిలోల దగ్గర, అంటే కోడికి కావలసిన రెండు కిలోల సగటు దగ్గర ఊగింది, గీత మీద ఆగింది, కాస్త దాటింది. రెండో ట్రే కూడా దాటింది. పదో ట్రే తర్వాత షెడ్డు యజమాని గొంతు సవరించుకున్నాడు.

"మరి వచ్చే బ్యాచి పిల్లలు ఎప్పుడు దించుతావమ్మా?"

"మీ బావమరిది?" అంది ఆ అమ్మాయి.

"వాడికి కోళ్ళంటే పడదులే."

నాకు ఇక ఆగలేదు. ఆ అమ్మాయిని పక్కకు పిలిచి చెప్పేశాను. సంచి కలిపింది నేను, మూతలు మార్చింది నేను, ఆయన నాలుకకూ చేతికీ ఏ పాపమూ తెలియదు అని.

ఆ అమ్మాయి జాలిగా నవ్వింది. "బాబాయ్‌గారు ముందే చెప్పారండీ. 'మా అల్లుడుగారు వచ్చి తప్పు తనదంటాడు, నమ్మకు. కథలు చదివీ చదివీ పాపం అలా అయిపోయాడు' అని."

చూశారా! పశ్చాత్తాపపడే అవకాశం కూడా లేకుండా చేశారు. ఒక మనిషి తప్పును అతని అనుమతి లేకుండా ఎత్తుకుపోవడం దొంగతనం కాదా? ఆ కోపంలోనే నాకు ఆ ఆలోచన వచ్చింది. ఇవాళ ఈ నాలుక సంగతి తేల్చేస్తాను. రుచి తెలిసిన నాలుకయితే, ఆ రోజు నలుగురి ముందు గుప్పెడు నేలవేము నమిలి, కనుబొమ్మ కదపకుండా మింగి, నన్ను కాచారు. తెలియని నాలుకయితే, నా మొహం చదివి కాచారు, ముప్పై ఏళ్ళుగా లోకాన్ని మోసం చేశారు. రెంటిలో ఏదో నాకు తెలియాలి.

షెడ్డు పక్క గదిలో టీ కాచింది ఆ అమ్మాయి. గ్లాసుల్లో పోసింది నేను. మామగారి గ్లాసులో పంచదార బదులు ఉప్పు వేశాను. ఒకటి కాదు, మూడు చెంచాలు. కలిపి తీసుకెళ్ళి చేతికిచ్చాను. డాక్టరమ్మ, యజమాని, కాటా మనుషులు అందరూ అక్కడే ఉన్నారు.

ఆయన ఒక గుక్క తాగారు. నన్ను చూశారు. ఇంకో గుక్క తాగారు. మొహంలో ఒక్క గీతా కదల్లేదు. తీరిగ్గా, గ్లాసు అడుగుదాకా తాగి, గ్లాసు బోర్లించి నా చేతిలో పెట్టారు.

"అల్లుడుగారూ! పంచదార అంత పోస్తారా? ఈ వయసులో నన్ను చంపుదామనా? ఇంట్లో మీ అత్తయ్యకు తెలిస్తే ఎంత గొడవ! మనుషులకు బొత్తిగా కొలత తెలియకుండా పోయింది!"

అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వలేక, ఏడవలేక, బోర్లించిన గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. ఆయన ప్యాంటు జేబులోంచి చెంచా బయటకు తీశారు. నెల రోజుల తర్వాత అదే మొదటిసారి. గుమ్మం దగ్గర సంచిలోంచి చెంచాడు దాణా తీసి నోట్లో వేసుకున్నారు. నోరు శుభ్రం చేసుకోవడానికో, దాణా పరీక్ష చెయ్యడానికో ఆ దేవుడికే తెలియాలి. చెంచాను తుడిచి చొక్కా జేబులో, పాత చోట పెట్టుకున్నారు. బండి ఎక్కారు. తన్నారు. అది దగ్గి, పొగ వదిలి, కదిలింది.

"బాబాయ్‌గారూ, వెళుతున్నారా?" అని ఆ అమ్మాయి పరిగెత్తింది.

ఆయన వెనక్కి చూడలేదు. వెళ్ళొస్తానని ఆ అమ్మాయికి చెప్పలేదు, డాక్టరమ్మకు చెప్పలేదు. నాకు అసలే చెప్పలేదు. నేను ఆయన బండి వెనక సీటు మీద వచ్చినవాణ్ణి. ఇల్లు అక్కడికి ఆరు కిలోమీటర్లు. రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ ఖాళీ సీటు ఎగురుతూ కనిపించింది.